గ్వాంగ్‌జౌలో రూమ్ తీసుకునేటప్పుడు స్టార్లు చూడకండి

ఏప్రిల్, అక్టోబర్ దగ్గర పడుతున్నాయంటే చాలు నా వాట్సాప్ నిండిపోతుంది, క్యాంటన్ ఫెయిర్‌కి వస్తున్నాం అన్నా రూమ్ ఎక్కడ తీసుకోమంటావ్ అని. క్యాంటన్ ఫెయిర్ అంటే చైనాలో, ఈ గ్వాంగ్‌జౌలో ఏటా రెండుసార్లు జరిగే పెద్ద ఎగుమతి సరుకుల ప్రదర్శన. బేగంబజార్ వాళ్ళు, విజయవాడ వన్‌టౌన్ వాళ్ళు, మా వదిన వాళ్ళ తమ్ముడికి తెలిసినవాళ్ళు... విడివిడిగా చెప్పే ఓపిక లేదు, అందుకే అంతా ఒకేసారి రాసేస్తున్నా.

నా పని లైట్ల ఇన్‌స్పెక్షన్. గ్వాంగ్‌జౌకి దక్షిణంగా జోంగ్‌షాన్ కింద గూజెన్ అని ఊరుంది, ఎటు చూసినా లైట్ల ఫ్యాక్టరీలు, లైట్ల షోరూములే. అక్కడ సరుకు చెక్ చేసి, కంటైనర్ లోడింగ్ అయ్యేదాకా దగ్గరుండి, సీల్ వేశాక ఫొటో తీసి బయ్యర్‌కి పంపి, సిటీకొచ్చి పడుకోవడం. ఫ్లాట్ తీసుకోవచ్చుగా అని ఇంట్లో అంటారు. తీసుకున్నా ఒకప్పుడు. రెండు నెలల అడ్వాన్సు, పైన నెల అద్దె ముందే కట్టాలి, సరే అది ఎక్కడైనా ఉండేదే, అసలు తిప్పలు వేరే. ఇక్కడి రూల్ ప్రకారం ఫారినర్ హోటల్లో కాకుండా బయట ఎక్కడ దిగినా 24 గంటల్లో పోలీసుల దగ్గర అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి, ఇంటికెళ్ళి తిరిగొస్తే మళ్ళీ మొదలు. హోటలైతే అది రిసెప్షన్ వాళ్ళ పని, మనం పాస్‌పోర్ట్ ఇచ్చి నిలబడితే చాలు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి, కంపెనీ రోజుకింత అని బత్తా ఇస్తుంది, ఖర్చు పోను మిగిలింది నాదే. అందుకని రూమ్ మీద పెట్టే ప్రతి యువానూ నాకు ఊళ్ళో ఈఎంఐ లాగే కనబడుతుంది.

మన వాళ్ళు చేసేదేంటంటే ఫోర్ స్టార్ అని కనిపించగానే బుక్ కొట్టేస్తారు. తీరా దిగాక చూస్తే పెద్ద లాబీ, షాండ్లియర్, పైకెళ్తే సిగరెట్ కంపు కొట్టే కార్పెట్, పసుపు పట్టిపోయిన బాత్‌టబ్. ఆ స్టార్లు ఎప్పుడొచ్చాయో ఎవడికి తెలుసు! ఇక్కడ చూడాల్సింది హోటల్ వయసు. చైనా బుకింగ్ యాప్‌లలో హోటల్ పేరు దగ్గరే ఏ సంవత్సరం తెరిచారు, ఎప్పుడు రెన్నొవేషన్ చేశారు అని ఉంటుంది, నేను ముందు చూసేది ఆ నంబరే, ఫొటోలు తర్వాత. హాన్‌టింగ్, జీ హోటల్, హోమ్ ఇన్, సెవెన్ డేస్ ఇవన్నీ దేశమంతా ఉండే చెయిన్లు, సెవెన్ డేస్ అయితే 2005లో ఈ గ్వాంగ్‌జౌలోనే మొదలైంది. ఒకే చెయిన్‌లో కూడా కొత్త బ్రాంచికీ పాత బ్రాంచికీ అస్సలు పోలిక ఉండదు. మామూలు రోజుల్లో 250 నుంచి 350 యువాన్లు పెడితే శుభ్రమైన కొత్త రూమ్ దొరుకుతుంది, యువాన్ పన్నెండు పదమూడు రూపాయలు వేసుకోండి, హైదరాబాద్‌లో ఆ డబ్బుకి ఏమొస్తుందో మీకే తెలుసు.

అంతకంటే తక్కువకి కనిపిస్తే మాత్రం ఆగండి. కిటికీ ఉందా లేదా చూడండి. చవక రూములు చాలావాటికి కిటికీ ఉండదు, కొన్నిటికి ఉంటుంది కానీ తెర తీస్తే అవతల కారిడార్. ఒక రాత్రికి పర్లేదు గానీ వారం ఉంటే తెల్లారిందో లేదో ఫోన్ చూసి తెలుసుకోవాలి, ఇరవై ముప్ఫై యువాన్ల కోసం ఆ బాధ ఎందుకు చెప్పండి.

ఏరియా సంగతి. ఫెయిర్ జరిగేది పాజౌలో, మెట్రో 8వ లైన్. పాజౌలోనే రూమ్ కావాలని పట్టుపట్టకండి, అదే లైన్ మీద కొంచెం ఇవతలికి రండి, కెత్సున్ స్టేషన్‌లో 3, 8 లైన్లు కలుస్తాయి, 3వ లైన్ ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్తుంది కాబట్టి రెండు పనులకీ కలిసొస్తుంది. తిండి ముఖ్యం అనుకునేవాళ్ళు 5వ లైన్‌లో షావ్‌బే దగ్గర దిగుతారు, అరబ్బులు, ఆఫ్రికా వ్యాపారులు తిరిగే చోటు, హలాల్ హోటళ్ళు బోలెడు, రాత్రి పొద్దుపోయినా ఏదో ఒకటి వేడిగా దొరుకుతుంది. లెదర్ బ్యాగుల వాళ్ళకి 2వ లైన్‌లో సాన్‌యువాన్‌లీ. మెట్రోకి పది నిమిషాల నడక దాటితే రేటు ఎంత తక్కువున్నా వద్దంటాను, శాంపిల్ బ్యాగులు మోసేది మీరే.

చెక్ఇన్ దగ్గర కాస్త ఓపిక పట్టాలి. రిసెప్షన్ అమ్మాయి పాస్‌పోర్ట్ తీసుకుని ముందు ఫొటో పేజీ, తర్వాత వీసా పేజీ, ఆ తర్వాత ఎంట్రీ స్టాంప్ ఉన్న పేజీ కాపీ తీసుకుంటుంది. ఆ స్టాంప్ దొరకడమే పెద్ద పని, పాత దుబాయ్, బ్యాంకాక్ స్టాంపుల మధ్య ఎక్కడో పడి ఉంటుంది, పేజీ తెరిచి మీరే ఇస్తే ఇద్దరికీ సుఖం. ఇక మన పేర్లు! ఇంటిపేరు ఒక బారెడు, అసలు పేరు ఇంకో బారెడు, ఆమె ఒక్కో అక్షరం స్క్రీన్ మీద చూసుకుంటూ కొడుతుంది, మధ్యలో ఫోన్ ట్రాన్స్‌లేటర్ మన ముందు పెట్టి ఇందులో ఇంటిపేరు ఏది అని అడుగుతుంది. మా కొలీగ్ పాస్‌పోర్ట్‌లో అసలు ఇంటిపేరే లేదు, ఖాళీ. అది చూసి మేనేజర్‌ని పిలిచారు, ఇద్దరూ కలిసి ఎవరికో ఫోన్ చేశారు, చివరికి అయింది. ఇంతకు ముందైతే చిన్న హోటళ్ళు ఫారినర్ అనగానే చెయ్యి అడ్డంగా ఊపేవి, బ్యాగ్ ఈడ్చుకుంటూ అర్ధరాత్రి ఇంకో హోటల్ వెతుక్కునేవాళ్ళం. 2024 మేలో ప్రభుత్వం అలా తిప్పి పంపొద్దని చెప్పాక చాలా మారింది. అయినా కొత్త చోటైతే పాస్‌పోర్ట్‌తో దిగొచ్చా అని యాప్‌లో ముందే మెసేజ్ పెడతాను, పోయేదేముంది.

రూమ్‌లో కెటిల్, చెప్పులు, నీళ్ళ బాటిళ్ళు ఎలాగూ ఉంటాయి. కుళాయి నీళ్ళు తాగకండి, ఇక్కడివాళ్ళే కాచుకుని తాగుతారు. పరుపు గట్టిగా ఉంటుంది, నాకు ఇష్టమే, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఆలోచించుకోండి. బాత్‌రూమ్ గోడ గాజుది, ఇద్దరు కలిసి రూమ్ తీసుకునేవాళ్ళు తెర ఉందో లేదో ఫొటోలో చూసుకోండి, తర్వాత మొహమాటపడొద్దు. నాకు అన్నిటికంటే విలువైంది కొత్త బ్రాంచిల్లో ఉండే వాషింగ్ మెషిన్, డ్రయర్, చాలా చోట్ల ఫ్రీ. రెండు జతలతో నెల గడుస్తుంది.

పచ్చళ్ళు తెచ్చుకునేవాళ్ళకి ఒక విన్నపం. దుప్పట్లు, తువ్వాళ్ళు అన్నీ తెల్లవి. గుంటూరు నుంచి వచ్చిన ఒకాయన మంచం మీద పేపర్ పరిచి ఆవకాయ అన్నం కలిపాడు, పేపర్‌లోంచి నూనె దిగింది, చెక్అవుట్‌లో దుప్పటి డబ్బు కట్టించుకున్నారు. ఆయన వాదించాడు, తెలుగులో. టేబుల్ ఉంది కదా బాబాయ్ అంటే టీవీ కనపడదంటాడు.

డబ్బులకి అలీపే, అంటే మన ఫోన్‌పే లాంటి చైనా యాప్. ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు ఆన్ చేసిన వీసా కార్డో మాస్టర్ కార్డో ఇండియాలో ఉండగానే అందులో యాడ్ చేసుకోండి, ఓటీపీ వచ్చే సిమ్ ఫోన్లోంచి తీసేయకండి. హోటల్ వైఫైలో వాట్సాప్, గూగుల్ రావు, ఇండియా సిమ్ రోమింగ్‌లో వస్తాయి, ఇంటికి ఫోన్ చేయాలంటే ప్యాక్ వేయించుకోక తప్పదు.

ఇక రేట్లు. పైన చెప్పినవన్నీ ఫెయిర్ లేని రోజులవి. వసంతంలో ఏప్రిల్ 15 నుంచి, శరత్తులో అక్టోబర్ 15 నుంచి మూడు ఫేజులు, ఒక్కోటి ఐదు రోజులు. ఆ రోజుల్లో ఇదే రూమ్ రెట్టింపు అంటారు, పాజౌ దగ్గరైతే ఇంకా పైన. వీసా వచ్చేదాకా ఆగొద్దు, ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నది చూసి ముందే వేసుకోండి. మీ సరుకు ఏ ఫేజులో ఉందో చూసుకుని ఆ ఐదు రోజులకే తీసుకోండి, ఎలక్ట్రానిక్స్ మొదటి ఫేజ్, బట్టలు, బొమ్మలు మూడోది. మధ్యలో మూడేసి రోజులు ఖాళీ వస్తుంది, అప్పుడు గూజెన్ చూడాలనుకుంటే చెప్పండి, ఎలాగూ నేను అక్కడే ఉంటా, లోడింగ్ ఉన్న రోజు మాత్రం ఫోన్ ఎత్తను.