భయపడాల్సిన అంకె అది కాదట

కర్నూలు మార్కెట్ యార్డులో ఒక ఉల్లిపాయల కమీషన్ దుకాణానికి ఇరవై రెండేళ్లుగా చిట్టా రాస్తున్నాను. కాగితం చేతికొస్తే పెద్ద అంకె మీదికే కన్ను పోతుంది. ఆసుపత్రిలోనూ అదే చేసి, ఒక రాత్రంతా ఊరికే హడలిపోయాను.

మేనకోడలి పెళ్లి విందు తిని వచ్చిన రాత్రి పై పొట్టలో నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని సోడా తాగాను. వాంతులయ్యాయి గానీ నొప్పి తగ్గలేదు. గునపం దించినట్టు వీపులోకి పాకింది. వెల్లకిలా పడుకోలేను. దిండును పొట్టకు అదుముకుని ముందుకు వంగితే కాస్త నయం. తెల్లవారుతూనే మా ఆవిడ ఆటో పిలిచింది. కొండారెడ్డి బురుజు దగ్గర గుంతలో ఆటో ఎగిరినప్పుడు నేను పెట్టిన కేకకు టీ బండి దగ్గరున్న వాళ్లంతా తిరిగి చూశారు.

"రోజుకు ఎంత తాగుతారు?" డాక్టరుగారి మొదటి ప్రశ్న.

"రెండు కాఫీలు" అన్నాను. స్కానింగులో పిత్తాశయం నిండా రాళ్లు కనిపించాకే ఆయన నన్ను నమ్మారు. ఒక రాయి జారి నాళానికి అడ్డుపడి క్లోమం వాచిందట.

రిపోర్టులో లైపేజ్, అంటే క్లోమంలో ఊరే, కొవ్వును అరిగించే ఎంజైమ్, 2,140. పక్కనే '160 లోపు ఉండాలి' అని అచ్చు. పక్క మంచం కుర్రాడికీ ఇదే జబ్బు, మద్యం వల్ల. అతనిది 620 మాత్రమే. అతని అదృష్టం చూసి కుళ్లుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

మరునాడు డాక్టరుగారు ఆ కాగితాన్ని పక్కన పెట్టేశారు. "ఇది జబ్బు పేరు చెబుతుంది, అంతే. మామూలుకు మూడు రెట్లు దాటితే క్లోమం వాచిందని అనుకుంటాం. పదమూడు రెట్లున్నా జబ్బు ముదిరినట్టు కాదు. నేను చూసేది ఇది" అని మామూలు రక్తపరీక్షలో పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు, అన్న వరుస మీద పెన్ను ఆనించారు. 46.

క్లోమం వాచినప్పుడు రక్తనాళాల్లోని నీరు బయటికి ఊరిపోతుందట. పొయ్యి మీద మరిచిపోయిన పప్పుచారులా రక్తం చిక్కబడుతుంది. ఎర్రకణాల వంతు 44 శాతం దాటితే జాగ్రత్త పడాలి. సెలైన్ ఎక్కించినా ఒక రోజులో దిగకపోతే క్లోమం కొంత చచ్చుబడే ప్రమాదం ఉంటుంది. మూత్రపిండాలకు రక్తం చాలకపోతే యూరియా కూడా ఎక్కుతుంది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ పరీక్ష సంగతి అడిగితే, "అది నిదానంగా పెరుగుతుంది, 48 గంటలకు చూస్తేనే పనికొస్తుంది" అన్నారు. బండి దిగకముందే సరుకు తూకం వేయకూడదన్నమాట. ఆ మాత్రం నాకు తెలుసు.

నా పీసీవీ 40కి దిగింది, యూరియా 44 నుంచి 26కు. సీఆర్‌పీ 92 వచ్చింది, 150 దాటితేనే కంగారట. కుర్రాడి పీసీవీ మాత్రం 47 నుంచి 51కి ఎక్కింది, యూరియా 68. మూడో రాత్రి ఆయాసం మొదలై ఐసీయూకు తీసుకుపోయారు. "వాడిది తక్కువే అన్నారు కదన్నా?" అని అతని తల్లి నన్ను అడిగింది. అన్నది నేనే.

నాకు జావ, ఆపైన ఇడ్లీ పెట్టారు. రాళ్లతో ఇంటికి పంపితే మళ్లీ రావచ్చని, పిత్తాశయం కూడా తీసేశాకే పంపిస్తామన్నారు. ఆ వారం రోజులూ ఆమె కొడుకు రిపోర్టు పొద్దున్నే నా దగ్గరికి తెచ్చేది, చదివి చెప్పమని. ఆరో రోజు "యూరియా 41కి దిగిందమ్మా" అన్నాను. ఆమె మాట్లాడకుండా వెళ్లి, మూడు టీలు పట్టుకుని వచ్చింది. నాకింకా పాలు పెట్టొద్దన్నారు. నా గ్లాసు మా ఆవిడ తాగింది.