ఉత్తరం రాజు పేరున, జవాబు రాణికి

ఈ రోజు బైబిల్ పఠనం మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయం. నాబోతు ద్రాక్షతోట. సండే స్కూలు రోజుల నుంచి వింటున్న భాగమే అయినా, పొద్దున 14వ వచనం దగ్గర ఆగిపోయి ముందుకు కదల్లేకపోయాను.

ఇశ్రాయేలు రాజు అహాబుకు తన రాజభవనాన్ని ఆనుకుని ఉన్న నాబోతు తోట కావాలి, కూరతోట వేసుకోవడానికి. అంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు, కాదంటే రొక్కమిస్తానన్నాడు. నాబోతు పిత్రార్జితం ఇవ్వనన్నాడు. అది మొండితనం కాదు. భూమిని శాశ్వతంగా అమ్మకూడదని లేవీయకాండం 25లోనే ఉంది. రాజు మంచమెక్కి, ముఖం తిప్పుకుని, తిండి మానేశాడు. అక్కడి నుంచి సంగతి రాణి యెజెబెలు చేతుల్లోకి వెళ్లింది. అహాబు పేరున తాకీదులు రాసి, అతని ముద్ర వేసి, నాబోతు ఊరైన యెజ్రెయేలు పెద్దలకు పంపింది. ఉపవాసం చాటించండి, నాబోతును జనం ముందు కూర్చోబెట్టండి, దేవుణ్ణీ రాజునూ దూషించాడని ఇద్దరు పనికిమాలినవాళ్ల చేత చెప్పించండి, ఊరి బయటికి తీసుకుపోయి రాళ్లతో కొట్టి చంపండి.

పెద్దలు పొల్లుపోకుండా చేశారు. చేసి, నాబోతు చచ్చాడని యెజెబెలుకు కబురు పంపారు. అదే 14వ వచనం. తాకీదు వచ్చింది రాజు పేరున, ముద్ర రాజుది, జవాబు మాత్రం నేరుగా రాణికి వెళ్లింది. అంటే ఆ ఉత్తరం ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఊరి పెద్దలకు ముందే తెలుసు! రాజాజ్ఞ అనుకుని మోసపోయారని వాళ్ల తరఫున చెప్పడానికి ఆ ఒక్క వచనంతో దారి మూసుకుపోయింది.

దస్తావేజులు రాయడం నా బతుకుతెరువు. ఆ తాకీదును నా పని కళ్లతో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఎక్కడా లోపం లేదు. సీదోను రాజు కూతురు, బయలు అనే దేవతను కొలిచే మనిషి, మోషే ధర్మశాస్త్రాన్ని ఎంత జాగ్రత్తగా వాడిందో. ఒక్క సాక్షి మాట మీద మనిషిని చంపకూడదు, ఇద్దరో ముగ్గురో ఉండాలని ద్వితీయోపదేశకాండం 17 చెబుతుంది, ఇద్దరిని పెట్టింది. అధికారిని శపించకూడదని నిర్గమకాండంలో ఉంది, ఆ నేరమే మోపింది. ఉపవాసం, సభ, సాక్ష్యం, శిక్ష. రికార్డు చూసిన ఎవరికైనా అది సక్రమమైన విచారణే. ఇంకొకటి. తర్వాత అహాబు వంశాన్ని కూలదోసిన యెహూ చెప్పిన మాటలో, రెండో రాజులు 9లో, నాబోతు రక్తంతో పాటు అతని కొడుకుల రక్తం ప్రస్తావన కూడా వస్తుంది. తాకీదులో కొడుకుల ఊసే లేదు. వారసులు మిగిలితే ఆ తోట ఎన్నటికైనా అడుగుతారని తెలిసిన వాళ్లెవరో ఆ పని చేశారు.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ, ఆమె పెద్దకొడుకు వచ్చారు. అర ఎకరం గిఫ్ట్ సెటిల్‌మెంటు. దానికి ఇద్దరు సాక్షులు తప్పనిసరి. ఒకరు తమ ఊరి మనిషి. రెండో సాక్షి కోసం ఆ అబ్బాయి బయటికెళ్లి టీ కొట్టు కుర్రాణ్ణి పిలుచుకొచ్చాడు. కుర్రాడు గ్లాసుల ట్రే బల్ల మీద పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, "ఎక్కడండీ?" అని పెన్ను అందుకున్నాడు. "కూర్చో బాబూ, చదువుతాను, విని పెట్టు" అన్నాను. సరిహద్దులు చదువుతుంటే పెద్దావిడ ఉత్తరం వైపు దగ్గర ఆపింది. "ఆయన పోయాడు నాయనా, ఇప్పుడు వాళ్ల కోడలు చేస్తంది" అంది. దిద్దాను. "అమ్మా, మీ ఇష్టంతోనే ఇస్తున్నారా?" అని కొడుకు ఎదురుగానే అడిగాను. "నా బిడ్డకు కాక ఎవరికిస్తాను" అంది నవ్వుతూ. అప్పుడు కుర్రాడు సంతకం పెట్టాడు, నిదానంగా, పూర్తి పేరు. ఆమె వేలిముద్ర వేసింది. కొడుకు కొంచెం విసుక్కున్నాడు, టైము అయిపోతోందని. ఫర్వాలేదు. చదివి వినిపించకుండా ఎవరి చేతా సంతకం పెట్టించకూడదన్నది నా పట్టుదల, అది విసుగులకు లొంగదు.

సాయంత్రం గృహ ప్రార్థన అన్నయ్య వాళ్లింట్లో. వాక్యం అయ్యాక మాటల్లో ఈ పెద్దల సంగతి ఎత్తాను. యెజెబెలు గురించి అందరమూ చెప్పుకుంటాం, పెద్దల గురించి ఎవరమూ చెప్పుకోం, వాళ్లు చెయ్యి వేయకపోతే ఆ కుట్ర కాగితం మీదే ఉండిపోయేది అన్నాను. వదిన ఒప్పుకోలేదు. "వాళ్లేం చేస్తారు? కాదంటే వాళ్లనీ చంపేది గదా. పిల్లలు గలవాళ్లు" అంది.

న్యాయమైన ప్రశ్న. అహాబుకు చాలా ముందు, నోబు అనే ఊరి యాజకుల్ని చంపమని సౌలు రాజు ఆజ్ఞాపిస్తే అతని కావలివాళ్లు చెయ్యి ఎత్తలేదు. రాజు ఎదుటే, మొహం మీదే మానుకున్నారు. కానీ ఆ పని ఎదోమీయుడైన దోయేగు చేశాడు, 85 మంది యాజకులు ఆ రోజే పోయారు. కాబట్టి కాదంటే చాలు, కుట్ర ఆగిపోతుందని నేను వదినకు చెప్పలేను. అయినా ఆ కావలివాళ్ల చేతులకు ఆ రక్తం అంటలేదు. అది చిన్న సంగతి కాదని నా గట్టి నమ్మకం.

సరేనన్న పెద్దలకు చివరికి ఏం మిగిలిందో కూడా బైబిల్లోనే ఉంది. అహాబు కొడుకు యెహోరాము కాలంలో యెహూ తిరగబడి, రాజధాని షోమ్రోనుకు ఉత్తరాలు రాశాడు. రెండో రాజులు 10లో ఆ ఉత్తరాలు అందుకున్న వాళ్లలో యెజ్రెయేలు అధిపతులూ పెద్దలూ ఉన్నారు. ఈసారి అడిగింది అహాబు కొడుకులు 70 మంది తలలు. నరికి, గంపల్లో పెట్టి యెజ్రెయేలుకు పంపేశారు. అదే తీరు: ఉత్తరం వచ్చింది, పని జరిగింది. నాబోతు నాడు ఎవరి మాట విని రాళ్లు వేయించారో ఆ ఇంటినే ఇప్పుడు అప్పగించారు. విశ్వాసంగా ఉండి చేశారని కూడా అనలేం.

ఇది చెప్పాక వదిన కాసేపు ఆలోచించి, "అయితే ఆ రోజుల్లో భయపడకుండా ఉన్నవాళ్లు ఒక్కరూ లేరా?" అంది.

భయపడనివాడు కాదు, భయపడుతూనే చేసినవాడు ఉన్నాడు. ఓబద్యా. అహాబు ఇంట్లోనే, గృహనిర్వాహకుడు. యెజెబెలు యెహోవా ప్రవక్తల్ని చంపిస్తుంటే 100 మందిని తీసుకెళ్లి, గుహకు 50 మంది చొప్పున దాచి, రొట్టె, నీళ్లు పెట్టాడు. ఏలీయా ప్రవక్త ఎదురైనప్పుడు కూడా అహాబు నన్ను చంపుతాడని వణికిపోయాడు. ఆ వణుకుతోనే అంతమందిని బతికించాడు. అదీ రహస్యమే, అదీ రాణికి తెలియకుండా పన్నిందే. చాటుమాటుగా చేసిందల్లా పాపమని మనం పిల్లలకు చెబుతుంటాం, ఓబద్యాను చదివాక అలా చెప్పలేను.

"వందమందికి రోజూ రొట్టెలంటే ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. వండినవాళ్లు, మోసినవాళ్లు ఉండి ఉంటారు, ఒక్కళ్లూ నోరు జారలేదన్నమాట" అంది వదిన. నాకు తట్టని సంగతి అది. కరువు గురించి చెప్పే అధ్యాయంలోనే ఈ మాట ఉందని, అంటే తిండికి కటకటగా ఉన్న రోజుల్లో పెట్టిన రొట్టెలవని పాస్టరు అయ్యగారు గుర్తు చేశారు.

వచ్చే ఆదివారం సండే స్కూల్లో ఈ భాగం నన్ను చెప్పమన్నారు. ఓబద్యా గురించే చెబుతాను, యెజెబెలు పిల్లలకు ఇప్పటికే బాగా తెలుసు. వదిన కూడా వస్తానంది.