ఎనిమిది చెవి మిషన్లు

నిన్న రాత్రి 'ఎ సైలెంట్ వాయిస్' చూశా. నవోకో యమాదా తీసిన 2016 నాటి జపాన్ సినిమా. బొమ్మల సినిమానే కదా అని అన్నం కంచంతో కూర్చున్నా. అయిపోయేసరికి కలిపిన ముద్ద కంచంలోనే, చెయ్యి ఎండిపోయి.

ఆరో క్లాసు షోయా, చెవులు వినపడని షోకో మిషన్లు లాక్కుని పారేస్తుంటాడు. ఐదు నెలల్లో ఎనిమిది! షోయా వాళ్ళమ్మ బ్యాంకులో డబ్బు తీసి, వెళ్ళి షోకో వాళ్ళమ్మకి ఇచ్చుకుని వస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ చెవికి రక్తం. ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. కాసేపు ఆపేశా అక్కడ.

హైస్కూలుకొచ్చాక షోయా సైగల భాష నేర్చుకుని షోకోని వెతుక్కుంటూ వెళ్తాడు. ఒకసారి ఆ పిల్ల కష్టపడి నోటితోనే 'సుకి' అంటుంది, ఇష్టమని. వాడికి 'త్సుకి'గా వినిపిస్తుంది, అంటే చంద్రుడు. పైకి చూసి, అవును చందమామ బాగుంది అంటాడు మొద్దు వెధవ. నవ్వొచ్చింది, గొంతు కూడా పట్టేసింది.

నాకు ఒళ్ళు మండింది మాత్రం వాళ్ళ క్లాసులోని కవాయి మీద. 'నేనేం చేశాను' అని ఏడుస్తుందే, ఆ పిల్ల. మా క్లాసులో ఒకడికి నత్తి. పాఠం చదవమని లేపితే 'ప' దగ్గర ఆగిపోయేవాడు. నేను వెక్కిరించలేదు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వేవాణ్ణి, అంతే.

వాడి నంబరు బడి వాట్సాప్ గ్రూపులో ఉంది. పొద్దున్నుంచి 'ఎలా ఉన్నావురా' అని కొట్టడం, చెరిపేయడం.