అమ్మమ్మ వేలిముద్ర పడలేదు

"ఇంకోసారి పెట్టు మామ్మా, గట్టిగా నొక్కు." రేషన్ డీలర్ పాపం విసుక్కోలేదు. అమ్మమ్మ బొటనవేలు కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. మిషన్ మళ్లీ ఒప్పుకోలేదు. వెనక లైన్ పెరిగిపోతోంది.

ఏళ్ల తరబడి మిరపకాయలు కోసిన చేతులవి. వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

వేలిముద్ర పడలేదని అర్హులకు సాయం ఆపబోమని ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు చెప్పింది. 2018 ఆధార్ తీర్పులో ఆ మాట రాసి ఉంది. ఐరిస్ (కంటి స్కాన్), ఓటీపీ లాంటి దారులూ ఉన్నాయి. కానీ ఐరిస్ పరికరం షాపులో ఉండాలి కదా! ఓటీపీకి ఫోన్ నంబరు లింకై ఉండాలి కదా! ఆమెకి అసలు ఫోనే లేదు.

ఆధార్ డేటా లీకైతే అందరం మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. మిషన్ మనిషిని గుర్తుపట్టకపోతే జవాబుదారీ ఎవరు? ఊరంతా ఎరిగిన మనిషి తన బియ్యం కోసం తాను తానేనని రుజువు చేసుకోవాలా? నాకు కడుపు మండిపోయింది.

ముద్ర పడకపోతే ఏం చేయాలో ప్రతి రేషన్ షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయాలి. రిజిస్టర్‌లో రాసుకుని అప్పటికప్పుడే బియ్యం ఇవ్వాలి.

రేపు తహసీల్దార్ ఆఫీసులో అర్జీ ఇస్తున్నా. మీ ఇళ్లలో ఇలా ఇబ్బంది పడుతున్న పెద్దవాళ్లుంటే చెప్పండి, వాళ్ల సంగతీ అందులో రాస్తాను.