హరికథ క్యాసెట్లు: సౌండ్ పెంచే దశ

అమలాపురం దగ్గర మా ఊరి గుడిలో ఎప్పుడో రికార్డు చేసిన హరికథల క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కాయి. ఇక మిగిలింది సౌండ్. ఫోన్‌లో చివరిదాకా పెంచినా దాసుగారి మాట లోపలెక్కడో ఉంటుంది, చిడతలు మాత్రం చెవిలో ఖణేల్మంటాయి.

ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో యాంప్లిఫై తెరిస్తే, ఫైల్ మొత్తంలో అన్నిటికన్నా పెద్ద శబ్దం సున్నా డెసిబెల్‌ని తాకేదాకా ఎంత పెంచవచ్చో అదే చెబుతుంది. నా ఫైల్‌కి ఇచ్చింది 2 డెసిబెల్స్. ఆ ఒక్క చిడత దెబ్బ గంటసేపు కథ మొత్తాన్నీ కిందే పట్టి ఉంచుతోంది. సున్నా దాటితే డిజిటల్‌లో చోటు లేదు. ఎగుమతి చేసేటప్పుడు అల తల తెగి చదునవుతుంది, గరగర అక్కడే పుడుతుంది. ‘నార్మలైజ్’ కూడా ఆ పెద్ద శబ్దాన్ని బట్టే పెంచుతుంది, అందుకే ‘నార్మలైజ్ కొట్టేయ్’ అన్న సలహా ఇలాంటి వాటికి పనికిరాదు.

ముందు చెత్త తీశాను. 50 హెర్ట్జ్ కరెంటు గుయ్ మనే మోతకి నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క స్వరాన్నే కోసేది), దాని కింద గడబిడకి హై-పాస్ (పెట్టిన హద్దు కింది లోతు స్వరాలని తగ్గించేది). వినపడని ఆ గడబిడ కూడా చోటు తినేస్తుంది. హై-పాస్ 80 దగ్గర పెడితే మృదంగం తొప్పి బరువు తగ్గినట్టనిపించింది, 40కి దించాను.

అసలు పని లిమిటర్‌ది, అంటే పెట్టిన హద్దు దాటే శబ్దాలని అణిచేది. పరిమితి మైనస్ 8 దగ్గర పెడితే చిడతల మొనలు మాత్రమే అణిగాయి, గొంతు జోలికి పోలేదు. దాంతో పైన ఖాళీ వచ్చింది, మొత్తం 7 డెసిబెల్స్ లేపాను. చిడతల కంచు మోత పోతుందేమోనని టెన్షన్ పడ్డాను గానీ, హెడ్‌ఫోన్స్‌లో తేడా పట్టుకోవడం కష్టమే.

పెద్ద శబ్దాలకీ చిన్న శబ్దాలకీ మధ్య తేడా తగ్గించే కంప్రెసర్ మాత్రం చూసి వాడాలి. అణిచే నిష్పత్తి 4:1 పెడితే దాసుగారు ఊపిరి తీసుకునే సందుల్లో టేప్ హిస్ బుస్సున లేచింది. 2:1 చాలు.

చివర్లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్, మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (గట్టితనపు కొలమానం). ఇది చెవికి సగటున వినిపించే గట్టితనాన్ని కొలుస్తుంది కాబట్టి అన్ని క్యాసెట్లూ ఒకే స్థాయికి వస్తాయి. మోనో (ఒకే చానెల్) ఫైలైతే ‘డ్యూయల్ మోనో’ టిక్ చూసుకోవాలి, అది రెండు స్పీకర్లలో వినిపించినట్టు లెక్కిస్తుంది. తర్వాత ఇంకోసారి లిమిటర్, మైనస్ 1 దగ్గర. ఎంపీత్రీగా మారేటప్పుడు శిఖరాలు కాస్త పైకి లేస్తాయి, ఆ చోటు వాటికే. ట్రాక్ 32 బిట్ ఫ్లోట్‌లో (సున్నా పైనా విలువలు దాచుకోగల ఫార్మాట్) ఉంటే మధ్యలో సున్నా దాటినా ఎగుమతికి ముందు దించుకోవచ్చు.

ఒక క్యాసెట్ బి సైడు మాత్రం రికార్డింగ్‌లోనే పగిలింది. సౌండ్ తగ్గించినా ఆ గరగర పోదు, అలాగే ఉంచేశాను.

మా బాబాయి దగ్గర ఎంపీత్రీలే మిగిలిన కథలున్నాయి. వాటికి ఎంపీత్రీగెయిన్ అనే ప్రోగ్రామ్ మేలు. మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండా 1.5 డెసిబెల్స్ చొప్పున పెంచుతుంది, నాణ్యత చెడదు. కాకపోతే చిడతలు అణచడం దాని వల్ల కాదు.

“మరి గుడి మైక్‌కి కూడా ఇదేనేంట్రా?” అన్నాడు బాబాయి. దానికి వేరే కాపీ చేస్తున్నాను. హారన్ స్పీకర్లలో లోతు స్వరాలు ఎలాగూ పలకవు, 200 హెర్ట్జ్ కింద మొత్తం కోసేస్తే మాటకి ఇంకొంచెం చోటు దొరుకుతుంది.