ప్లేట్‌లెట్లు పెరిగాయి సరే, ఓడ ఎక్కగలనా?

డిసెంబరులో ముంబైలో ఓడ ఎక్కాలి. అక్టోబరులో డెంగీ వచ్చి మంచాన పడ్డా. ఈ రెండింటి మధ్య ఒంట్లో ఏం జరుగుతోందో ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చా, ఈ పోస్టు దాంట్లోంచే. డెంగీ తగ్గినాక మనిషి మామూలు కావడానికి ఎన్నాళ్లు పడుతుంది, దూరప్రయాణం చేయొచ్చా అని నెట్లో వెతికితే దొరికినవన్నీ ప్లేట్‌లెట్ల గురించే. మెట్లెక్కితే ఎందుకు ఆయాసం వస్తోందో, బిందె ఎందుకు ఎత్తలేకపోతున్నానో ఎవరూ రాయలేదు.

ఓడ సంగతి ముందు చెప్పేస్తా. మా అమ్మానాయనల పెళ్లయి యాభై ఏళ్లు నిండుతున్నాయని హైదరాబాదులో ఉండే మా అక్కా బావా ముంబై నుంచి లక్షద్వీప్ పోయొచ్చే క్రూజ్‌కి అందరికీ టికెట్లు తీసేశారు, అదీ ఎండాకాలం అయిపోగానే. మా నాయన మైదుకూరు దగ్గర పల్లెలో పసుపు, చెనిక్కాయ పండించినాయన. మా జిల్లాకు సముద్రం లేదు, మాకు నీళ్లంటే చెరువు, కేసీ కెనాలు, వానలు పడితే పెన్నా. ఆయన సముద్రం చూసిందల్లా మద్రాసు మెరీనాలో పంచె పైకెత్తుకుని కాళ్లు తడుపుకోవడమే. నేనేమో కడపలో హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్తా. లక్షద్వీప్‌లో 36 దీవులు, వాటిలో 10 దీవుల్లోనే జనం, అన్నీ కలిపినా 32 చదరపు కిలోమీటర్లే, పగడాలతో ఏర్పడినవి, రాజధాని కవరత్తి... ఇన్నేళ్లుగా ఇదంతా బోర్డు మీద రాయడమే గానీ చూసింది లేదు. అందుకే నాయనకంటే నాకే ఎక్కువ హుషారు.

సరిగ్గా వానలు వెనకబట్టే వేళకు జ్వరం. స్టాఫ్ రూములో కూర్చుని పేపర్లు దిద్దుతుంటే కళ్ల వెనక నొప్పి మొదలైంది, కనుగుడ్డు పక్కకు తిప్పలేనంత. సాయంత్రానికి 103. మర్నాడు రక్తంలో డెంగీ వైరస్ ప్రొటీన్‌ను పట్టే ఎన్‌ఎస్‌1 పరీక్ష చేస్తే పాజిటివ్. జ్వరం మొదలైన తొలి ఐదు రోజుల్లో ఈ పరీక్ష బాగా పట్టిస్తుందట, అది దాటాక ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల్ని పట్టే ఐజీఎం పరీక్ష చూడాలి. డాక్టరమ్మ గట్టిగా చెప్పిన మాట ఒకటే: పారాసిటమాల్ తప్ప ఏదీ ముట్టుకోవద్దు, ఒళ్లు నొప్పులని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి మింగితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మెడికల్ షాపులో నొప్పులని చెబితే ముందు చేతిలో పెట్టేవి అవే కదా.

తర్వాత జ్వరం దిగింది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు, మా అత్తమ్మ చారన్నం కలిపి పెట్టింది కూడా. డాక్టరమ్మ మాత్రం సరిగ్గా అప్పుడే అడ్మిట్ అవమంది. మా ఆయనకు అర్థం కాలేదు, జ్వరముంటే ఇంట్లో ఉండమని, తగ్గితే ఆసుపత్రిలో పడుకోమనడమేంటని. డెంగీ తిరకాసే అది. జ్వరం తగ్గే వేళ మొదలయ్యే 24 నుంచి 48 గంటలే అసలు గండం. ఆ వేళలో రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, బయటికి కారిపోవచ్చు, రక్తం చిక్కబడి బీపీ పడిపోవచ్చు. దీన్ని కనిపెట్టడానికి డాక్టర్లు హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, చూస్తారు, రిపోర్టులో పీసీవీ అని ఉంటుంది, ఎవరూ పట్టించుకోని వరసలో. అది పెరుగుతూ పోతే జాగ్రత్త పడాలి. జ్వరం లేకపోయినా కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, ఊరికే అసహనం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. ఈ ఒక్క ముక్క మీ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి, మిగతా పోస్టు వదిలేసినా పర్లేదు.

ప్లేట్‌లెట్ల గోల మాత్రం చెప్పకుండా ఉండలేను. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ మ్యాచ్ స్కోరు అడిగినట్టు "ఎన్నుండాయి ఇప్పుడు?" అనే. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి, నాకు 41 వేలకు దిగాయి. అదే రోజు ఇంకో ల్యాబులో చూపిస్తే 68 వేలన్నారు! ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపుగా ఉంటే మిషను సరిగ్గా లెక్కపెట్టదట, అందుకే అనుమానం వస్తే స్లైడు మీద చూసి చెప్పమంటారు. ఈలోగా హైదరాబాదులో మా బావ రక్తదాతల్ని వెతకడం మొదలుపెట్టేశాడు. రక్తస్రావం లేనప్పుడు, పది వేల కంటే కిందికి పోతే తప్ప మామూలుగా ఎక్కించరని డాక్టరమ్మ చెప్పాక గానీ ఆయన టెన్షన్ తగ్గలేదు. చిన్నత్త బొప్పాయి ఆకు రసం తెచ్చింది, ఎదురింటామె కివీ పళ్లు తెచ్చింది. బొప్పాయాకు తాగొచ్చా అని అడిగితే డాక్టరమ్మ నవ్వి "వాంతి రాకుంటే తాగమ్మా, కానీ దాన్ని నమ్ముకుని నీళ్లు తాగడం మానొద్దు" అంది. ఒక్క గుక్కకే వాంతి వచ్చింది, ఆ చర్చ అక్కడితో అయిపోయింది.

తిరిగి కోలుకునేటప్పుడు ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు, మధ్యమధ్యలో తెల్లటి మచ్చలు, అరచేతుల్లో, అరికాళ్లలో భరించలేని దురద. నేనేమో కొత్త రోగమనుకుని భయపడ్డా, అదేమో నయమవుతోందనే గుర్తట. ప్లేట్‌లెట్లు లక్షా అరవై వేలకు చేరాక ఇంటికి పంపించారు. "ఇంకేం, బాగైపోయావు" అన్నారందరూ.

నోటుబుక్కు మొదలుపెట్టింది అప్పుడే. రిపోర్టేమో బాగుందంటోంది, ఒళ్లేమో కాదంటోంది, ఓడ దగ్గరపడుతోంది. టీచరు బుద్ధి కదా, పేజీలో గళ్లు గీశా. ఏం చేశా, అప్పుడెలా ఉంది, మర్నాడు ఎలా లేచా. మొదటి వారం పేజీల్లోంచి కొన్ని ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నా: "జడ వేసుకునేసరికి చేతులు పడిపోయాయి, మధ్యలో కూర్చున్నా." "కొళాయి వచ్చింది. బిందె ఎత్తలేకపోయా, పాప ఎత్తింది." "జొన్న రొట్టె పావు. రాగి జావలో మజ్జిగ కలిపితే దిగింది." "పాప లెక్క అడిగింది, పదిహేడు ఎనిమిదులు ఎంతో గుర్తు రాలేదు." "ఊరికే ఏడుపొచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు."

ఈ చివరిది రాయాలా వద్దా అనుకున్నా, రాసేశా. డెంగీ తర్వాత వారాల తరబడి నీరసం, మనసు దిగాలుగా ఉండటం చాలామందిలో ఉండేదేనని డాక్టరమ్మ అన్నాక కొంచెం కుదుటపడ్డా. అంతవరకూ నాకేదో పిరికితనం అంటుకుందనుకున్నా.

మూడో గడి ఉంది చూశారూ, మర్నాడు అనేది, అదే నాకు పనికొచ్చింది. ఆ పూట బాగుందనిపించిన ప్రతిసారీ నిజంగా బాగున్నట్టు కాదు. దీపావళికి ఇల్లు సర్ది, కజ్జికాయలు చేసిన రోజు గడిలో "చాలా బాగుంది" అని ఉంది, పక్క గడిలో, అంటే మర్నాటి గడిలో, ఒక గీత మాత్రమే ఉంది, పెన్ను పట్టుకునే ఓపిక కూడా లేక. అదే, సాయంత్రం వీధి చివరిదాకా నడిచొచ్చిన రోజు "పర్లేదు" అని ఉంటే మర్నాడు కూడా "పర్లేదు" అనే ఉంది. అప్పట్నుంచి పద్ధతి మార్చా, మర్నాడు పొద్దున మామూలుగా లేస్తేనే నడక కాస్త పెంచడం, లేకపోతే అంతే ఉంచడం. వీధి చివరి నుంచి పార్కు దాకా, తర్వాత దేవుని కడపకు ఆటోలో పోయి గుడి చుట్టూ ప్రదక్షిణలు. స్కూల్లో హెడ్మాస్టరు గారు నా క్లాసులు కింది గదిలోకి మార్చారు, ఆ సాయం మరవలేను. గుడ్డు, పెసరపప్పు, ఆదివారం నాటుకోడి పులుసు, నీళ్లు, నిద్ర. టానిక్కుల కోసం అడిగితే తిండి సరిగ్గా తినమంది డాక్టరమ్మ, అంతే.

నవంబరు చివర్లో ఆ బుక్కు పట్టుకుని వెళ్లా. నెలరోజుల పేజీలు తిప్పి చూసి ఆమె అడిగిన మొదటి ప్రశ్న "ఓడలో నువ్వు చేయాల్సిన పనులేంటి?" అని. ఏముంది, కూర్చోవడమే కదా అనబోయి ఆగా, ఆలోచిస్తే చాలానే ఉంది. ముందు ముంబైకి రైలే ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు. పోర్టులో లైన్లలో నిలబడాలి. ఎక్కగానే ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో చూపించే డ్రిల్లు ఉంటుంది, అది అందరికీ తప్పనిసరి. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ ఒరిగిపోయినప్పుడు కొత్తగా ఎక్కినవాళ్లకు ఇంకా ఆ డ్రిల్లే జరగలేదు, ఆ తర్వాత ఓడ బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనేనో చేసి తీరాలని నిబంధన మార్చారు. లిఫ్టులున్నా డ్రిల్లుకు మెట్లే. ఇక లక్షద్వీప్ దగ్గర పెద్ద ఓడ ఒడ్డుకు రాదు, దూరంగా లంగరేసి చిన్న పడవల్లో దింపుతారు. ఊగే ఓడ నుంచి ఊగే పడవలోకి అడుగేయాలి, అదీ ఎండలో.

అందుకని ఆఖరి రెండు వారాలు మెట్లే నా పరీక్ష. స్కూలు మేడ మెట్లు మొదట్లో సగంలోనే ఆగేదాన్ని, ఇప్పుడు ఆగకుండా ఎక్కి, పైన నిలబడి మామూలుగా మాట్లాడగలుగుతున్నా.

ఓడ కడుపులో తిప్పుతుందన్న భయం వేరే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, డిసెంబరులో నెమ్మదిగానే ఉంటుంది, అదొక అదృష్టం. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఉన్న గదుల్లో ఊపు తక్కువట, అక్క ముందుచూపుతో అలాంటివే తీసింది. వాంతుల మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు, ముందే వేసుకోవాలి. మత్తు ఎంతుంటుందో ఇంట్లోనే ఒక ఆదివారం చూసుకోమని డాక్టరమ్మ చెప్తే వేసుకున్నా, మధ్యాహ్నం పడుకున్నదాన్ని దీపాలు పెట్టే వేళకు లేచా. మందు మార్చింది.

కాగితాల పని కూడా ఉంది. ఎక్కేముందు ఆరోగ్యం గురించి ఫారం నింపాలి, ఈమధ్య జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్నాయా అని అడుగుతారు. ఇంతమంది ఒకేచోట తిని ఒకే రెయిలింగు పట్టుకునే చోట నోరోవైరస్ లాంటిది దూరితే ఓడంతా పాకుతుంది, వాళ్ల భయం వాళ్లది. శానిటైజర్ దాన్ని సరిగ్గా చంపదు, సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. డిశ్చార్జి కాగితం, కొత్త రక్తపరీక్ష, డాక్టరమ్మ రాసిచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మూడూ ఒక కవరులో పెట్టా. ట్రావెల్ ఇన్సూరెన్సులో డెంగీ సంగతి రాయాలా అని మా ఆయన నసిగాడు, రాయించా. నడిసముద్రంలో ఓడ డాక్టరు ఇచ్చే బిల్లు ఎంతుంటుందో తెలియనప్పుడు దాచి కొన్న పాలసీ ఎందుకు?

ఇంకో ముఖ్యమైన సంగతి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి వస్తే దానికి రక్షణ వస్తుంది, మిగతా మూడూ రావొచ్చు, రెండోసారి వచ్చేది ఇంకా తీవ్రంగా ఉండే ప్రమాదం ఉంది. కాబట్టి ముంబైలో దిగినప్పటి నుంచి దోమల క్రీము, పొడుగు చేతుల బట్టలు, ఈ దోమ కుట్టేది పగలే కదా. ఇంట్లో కూడా బయల్దేరేముందు డ్రమ్ములు, కూలరు తొట్టి ఖాళీ చేసి పీచుతో రుద్దాలి, నీళ్లు పారబోస్తే చాలదు. గోడకు అంటుకున్న గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలు చేస్తాయి. కొళాయి రోజు విడిచి రోజు వచ్చే మా కాలనీలో నిల్వ చేయకుండా ఎలా కుదురుతుంది, అందుకే వారానికోసారి తొట్లన్నీ ఖాళీ చేసి ఎండబెట్టే శుక్రవారం డ్రై డే మా ఇంట్లో ఇప్పుడు పండగంత పట్టింపుగా జరుగుతోంది.

జుట్టు మాత్రం కుప్పలుగా రాలుతోంది, పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు అలా అవుతుందట, మళ్లీ వస్తుందట. ఓడ ఫోటోల్లో తలకు స్కార్ఫు కడతా.

డాక్టరమ్మ సరేనంది, ఒక షరతుతో. లక్షద్వీప్‌లో దిగే రోజు పొద్దున ఒళ్లు బాగుంటేనే పడవెక్కాలి, లేదంటే డెక్కు మీద కూర్చుని చూడాలి. ఇది విని నాయన "నువ్వు దిగకుంటే నేనూ దిగను పాపా" అన్నాడు. అంత డబ్బు పోసి కొన్న టికెట్టు నాయనా, నువ్వు దిగాల్సిందే, దిగి నాకు ఆ పగడపు ఇసక ఎట్టుందో చెప్పాల్సిందే అని ఒట్టు పెట్టించుకున్నా. తర్వాత చూస్తే ఆయన కూడా మా మేడ మెట్లు పొద్దునా సాయంత్రం ఎక్కి దిగుతున్నాడు, మోకాళ్లకు నువ్వుల నూనె రాసుకుంటూ.

మా అమ్మ ఆలోచన వేరు. ఓడలోకి బయటి తిండి తీసుకుపోనివ్వరని ఎంత చెప్పినా నమ్మలేదు, చివరికి అక్క ఫోన్లో అరిస్తే ఒప్పుకుంది. ఇప్పుడు చెనిక్కాయల పొడి, రొట్టెలు రైలు ముంబై చేరేలోపు అయిపోవాలని తలకెంత పడుతుందో లెక్క వేస్తోంది.