అమ్మానాన్నలతో లాప్‌లాండ్ చలిలోకి

ఫిన్లాండ్‌లో ఉంటున్నామని తెలిసిన ప్రతి బంధువూ అడిగేది ఒకటే, "లాప్‌లాండ్ చూపిస్తావా?" అని. ఈ దేశానికి ఉత్తర కొసన ఉండే ప్రాంతం అది. పోయిన చలికాలం తెనాలి నుంచి మా అమ్మానాన్న వస్తామనగానే నాకు సంతోషంతో పాటు టెన్షన్ కూడా మొదలైంది. నాన్నకు డెబ్బై దాటాయి, బీపీ మాత్రలు వాడతారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మా పాపకు ఐదేళ్లు. చలికి ముందుగా ఇబ్బంది పడేది ఈ ముగ్గురే కాబట్టి టికెట్ల దగ్గర్నుంచి చెప్పుల వరకూ అన్నీ వాళ్లను బట్టే నిర్ణయించాలనుకున్నాం.

మొదట తేల్చుకోవాల్సింది ఎప్పుడు వెళ్లాలన్నది. లాప్‌లాండ్ అంటే అందరికీ డిసెంబరు, క్రిస్మస్ తాతే గుర్తొస్తాయి. కానీ డిసెంబరు మూడో వారంలో, అక్కడి ముఖ్య పట్టణమైన రోవానియెమిలో పగలు రెండు గంటలకు కాస్త ఎక్కువ. ఇంకా పైన ఉత్స్‌యోకి వైపు అయితే వారాల తరబడి సూర్యుడు ఉదయించనే ఉదయించడు. గది అద్దెలు కూడా ఆ రోజుల్లో ఆకాశాన్నంటుతాయి. మేం మార్చి మొదటి వారం ఎంచుకున్నాం. అప్పుడు పగలు పది గంటలకు పైనే ఉంటుంది, మంచు మోకాలి లోతుకు తక్కువ కాకుండా ఉంటుంది, రాత్రిళ్లు ఆకాశంలో రంగుల వెలుగులు, అదే నార్తర్న్ లైట్స్, కనిపించేంత చీకటీ ఉంటుంది. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే, డిసెంబరు మీద ఆశ వదులుకోండి.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి ఇద్దరూ హైదరాబాద్ వెళ్లక తప్పలేదు. బీమా తీసుకునేటప్పుడు నాన్న బీపీ సంగతి దాచకుండా రాయించాను. ఉన్న జబ్బుకు కవరేజీ ఎంతవరకో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాను. ధర తక్కువని పాలసీ కొనేస్తే ఇక్కడి ఆసుపత్రి బిల్లు చూసి ఏడవాల్సి వస్తుంది.

అమ్మ సూట్‌కేసు గురించి ఫోన్‌లో చాలా సేపు వాదన జరిగింది. నెయ్యి డబ్బా, పాలకోవా పెడతానంది. ఐరోపా బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు, పచ్చి కరివేపాకు కూడా కాగితాలు లేకుండా కుదరదు. "ఇంత దూరం వస్తూ పిల్లకి కోవా కూడా తేకుండానా?" అని బాధపడింది. గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి మాత్రం నిక్షేపంగా వచ్చాయి. మిగతా పప్పులు, రవ్వ హెల్సింకిలో హకానియెమి దగ్గరి షాపుల్లో దొరుకుతాయి. మందులు మూడు నెలలకు మించకుండా, ప్రిస్క్రిప్షన్‌తో సహా, చేతి సంచీలోనే పెట్టించాను.

వాళ్లను ఫిబ్రవరి మొదట్లోనే రప్పించడం చాలా మేలు చేసింది. దిగీదిగగానే మైనస్ ఇరవైలోకి తీసుకెళ్లకుండా, ముందు హెల్సింకి పక్కనే మేముండే ఎస్పోలో మైనస్ ఐదు, మైనస్ పదికి అలవాటు చేశాం. మొదట చెత్త పారేసి రావడం, ఆ తర్వాత పాపను డేకేర్ నుంచి తీసుకురావడం, ఇలా రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ పోయాం.

బట్టలు వేసుకోవడం వాళ్లకు నేర్పింది నేను కాదు, పాప. ఇక్కడ డేకేర్‌లో పిల్లల్ని చలికాలంలో కూడా రోజూ బయట ఆడిస్తారు. అందుకని ఏది ముందు, ఏది తర్వాత అన్నది వాళ్లకు కంఠతా వచ్చేస్తుంది. ఒంటికి ఆనుకుని మెరినో ఉన్ని, దాని మీద ఫ్లీస్, పైన గాలి దూరని కోటు. "అమ్మమ్మా, కాటన్ వద్దు!" అని పాప అరుస్తుంటే అమ్మ నివ్వెరపోయింది. తెనాలిలో పుట్టి పెరిగిన మనిషికి నూలుబట్టను మించింది లేదు మరి. కానీ ఈ చలిలో నూలు చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది. నిలబడగానే ఆ తడి వెన్నులోకి చలి ఎక్కిస్తుంది. ఉన్ని తడిసినా వెచ్చగానే ఉంటుంది. చలి మనిషిని పట్టేది ఎక్కువగా ఆ చెమట తడితోనే. అందుకే ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కూడా పెద్దవాళ్లం ముందు తయారై, పాపకు ఆఖరున తొడిగేవాళ్లం. ఇళ్లలో ఇరవై ఒక్క డిగ్రీలుంటుంది, అన్నీ తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడితే చెమట పట్టేస్తుంది.

బూట్లు ఒక సైజు పెద్దవి కొన్నాం. మందపాటి ఉన్ని సాక్సు వేశాక కూడా లోపల వేళ్లు కదలాలి. బిగుతుగా ఉంటే రక్తం ఆడక, గాలికి చోటు లేక వేళ్లు మొద్దుబారతాయి. గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్లూ ఒకే చోట ఉండే మిటెన్స్ నయం. అమ్మ మెట్టెలు, చెవి జూకాలు, ముక్కుపుడక గురించి ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. లోహం ఒంట్లోని వేడిని చప్పున లాగేస్తుంది. బయట ఎక్కువసేపు ఉండే రోజుల్లో జూకాలు, ముక్కుపుడక తీసి డబ్బాలో పెట్టడానికి ఒప్పుకుంది. మెట్టెలు మాత్రం తియ్యనంది. బూటులో ఎలాగూ వెచ్చగా ఉంటాయి కదా అని నేనూ ఊరుకున్నాను.

అందరూ చలి గురించే భయపడతారు గానీ పెద్దవాళ్లకు అంతకన్నా ప్రమాదం జారిపడటం. బూటు కింద తగిలించుకునే ఇనుప మేకుల పట్టీలు ఇక్కడ మామూలు షాపుల్లోనే దొరుకుతాయి. గడ్డకట్టిన దారుల మీద అవి లేకుండా అమ్మానాన్నలను అడుగు వేయనివ్వలేదు. షాపుల్లో, స్టేషన్లలో నున్నటి నేల మీద అవే జారుతాయి కాబట్టి లోపలికి వెళ్లగానే తీసెయ్యాలి. వంగలేని అమ్మ కోసం మా ఆయనే ప్రతిసారీ మోకాళ్ల మీద కూర్చుని తగిలించి తీసేవారు.

హెల్సింకి నుంచి రోవానియెమికి రాత్రి రైల్లో వెళ్లాం. దాదాపు పన్నెండు గంటలు పడుతుంది. ఇద్దరేసి పట్టే చిన్న గదులుంటాయి, పడకలు ఒకదాని మీద ఒకటి. పై అంతస్తు గదులకు సొంత టాయిలెట్, షవర్ ఉంటాయి, కింది వాటికి బోగీలో ఉమ్మడి టాయిలెట్. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కడం కష్టమే అయినా, రాత్రి పూట లేచి వరండాలో నడిచే పని ఉండదని పై గదులే తీసుకున్నాం. పై పడకలు నేనూ మా ఆయనా తీసుకుని, కింద నాన్నను ఒక గదిలో, అమ్మను పాపతో ఇంకో గదిలో పడుకోబెట్టాం.

రోవానియెమిలో హోటల్ వద్దనుకుని వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. పొద్దున్నే వేడి ఉప్మా తిని, ఫ్లాస్కులో చారు పోసుకుని బయల్దేరితే ఒంట్లో వేడి నిలుస్తుంది. పైన వేసుకునే మందపాటి దుస్తులు మాత్రం అక్కడే అద్దెకు తీసుకున్నాం. ఒకటే ముక్కగా ఉండే ఓవరాల్ వేసుకుని పెద్దవాళ్లు బాత్రూమ్‌కి వెళ్లాలంటే నరకం, అందుకే కోటు, ప్యాంటు విడివిడిగా ఉన్నవి అడిగాం.

స్నోమొబైల్ వద్దనుకున్నాం. మైనస్ ఇరవైలో వేగంగా పోతే ముఖానికి తగిలే గాలి ఇంకెంతో చల్లగా ఉంటుంది, ఆ కుదుపులకు అమ్మ మోకాళ్లు తట్టుకోలేవు. రెయిన్‌డీర్ బండి నెమ్మదిగా వెళ్తుంది, కాళ్ల మీద దుప్పట్లు కప్పుతారు. ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఆర్కిటిక్ వలయం గీత దగ్గరున్న క్రిస్మస్ తాత ఊరికి ఆ బండి ఎక్కించిన రోజే వెళ్లాం. బయట ఇరవై నిమిషాలు, తర్వాత లోపల వెచ్చగా కాసేపు అని ముందే అనుకున్నాం. ఆ రోజు మైనస్ పంతొమ్మిది. ఫోన్లు లోపలి జేబుల్లో ఉంచుకున్నాం, చలికి బ్యాటరీ పడిపోతుంది. ఇరవై నిమిషాలు కాగానే నేను లోపలికి పిలిస్తే నాన్న కదల్లేదు. "నాకేం చలెయ్యట్లేదే, ఇంకొంచెం నడుద్దాం," అన్నారు. మిటెన్ తీయించి ఆయన వేళ్లు పట్టుకుని చూశాను. వెచ్చగానే ఉన్నాయి. సరే పదండి నాన్నా, అన్నాను.